లేత్ మీద చేయనన్న ఒక్క ముక్క

గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. బ్యాగులోంచి పాత కరెంటు బిల్లు తీసి, దాని వెనక బాల్‌పెన్నుతో గీసిన బొమ్మని నా బల్ల మీద పరిచాడు. అర మీటరు గొట్టం, రెండు చివర్లా తాళ్లు కట్టడానికి రంధ్రాలు, నడిమధ్యన ఇంకో రంధ్రం, అక్కణ్నించి నడుం పట్టీకి తగిలించే కొక్కెం, ఆ కొక్కేన్ని విడిపించే పిన్ను. "అన్నా, మూడు చదరపు మీటర్ల పవర్ కైట్‌కి బార్ కావాలి. గొట్టం, బుష్‌లు, రిలీజ్ పిన్ను, మొత్తం మీరే తిప్పి పెట్టాలి" అన్నాడు.

గొట్టం చేస్తానన్నాను. రంధ్రాల్లో తొడిగే బుష్‌లు చేస్తానన్నాను. రిలీజ్ చేయనన్నాను.

మాది విజయవాడ ఆటోనగర్. ఇక్కడ దొరకని ముక్క లేదనీ, దొరక్కపోతే సాయంత్రానికల్లా చేసిపెట్టని ముక్క లేదనీ ఊళ్లో అంటారు. మా నాన్న ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడి ఆ మాట నిలబెట్టాడు. అరిగిపోయిన షాఫ్టు చేతికిస్తే కొలతలు తీసి, మర్నాటికి కొత్తది ఇచ్చేవాడు. అలాంటి ఇంట్లోవాడు "చేయను" అంటే కుర్రాడికి నమ్మబుద్ధి కాలేదు. డబ్బు ఎక్కువ అడగడానికి బెట్టు చేస్తున్నాననుకున్నాడు. ఆ పూట షాపులో పని ఒత్తిడి ఎక్కువగా ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. అతను ఒక్కడే అయితే ఫోన్లో చెప్పేవాణ్ని. ఈ రెండేళ్లలో సూర్యలంక బీచ్‌లో ఇలాంటి కుర్రాళ్లు కొందరు కనిపించారు. నడుముకి ఏది దొరికితే దాంతో కట్టేసుకుని ఎగరేస్తున్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పవర్ కైట్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. సంక్రాంతి గాలిపటం దారం వేలి మీద ఆడుతుంది. ఇది పుల్లలు లేని గుడ్డ రెక్క. ముందు అంచున ఉన్న నోళ్లలోంచి గాలి దూరి గదులు గదులుగా ఉబ్బుతుంది. 20 మీటర్ల పైచిలుకు పొడవున్న రెండు, మూడు లేక నాలుగు తాళ్ల చివర మనిషి ఉంటాడు. చక్రాల బల్ల మీద నిలబడితే బల్లతో సహా లాక్కుపోతుంది. 1826లోనే ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు గాలిపటాలు లాగే బండికి పేటెంటు తీసుకుని, మనుషుల్ని ఎక్కించి రోడ్డు మీద నడిపాడు. అంటే గుర్రం చేసే పని చేయగలదన్నమాట. కానీ గుర్రానికి కళ్లెం బిగిస్తే ఆగుతుంది. రెండు తాళ్ల బార్‌ని ఎంత బిగించినా కైట్ ఆగదు. అటో ఇటో తిరుగుతుంది, అంతే. కొత్తవాళ్లకి మొదట చెప్పాల్సిన మాట ఇదే, చాలామందికి ఆఖరున తెలిసే మాటా ఇదే.

గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. వేసవిలో సూర్యలంకలో పొద్దున పదకొండుకి గంటకి 12 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది. రెండింటికి అది 24 అయితే, మీరు పొద్దున పట్టుకున్న కైట్ వేరు, మధ్యాహ్నం పట్టుకున్న కైట్ వేరు. గుడ్డ అదే, తాళ్లు అవే, బలం నాలుగింతలు. పైగా కైట్ ఒకచోట నిలబడి ఉండదు. గాలికి అడ్డంగా దూసుకుపోతున్నప్పుడు దానికి తగిలే గాలి దాని సొంత వేగంతో కలిసి పెరుగుతుంది. మూడు చదరపు మీటర్ల రెక్కకి సెకనుకి 5 మీటర్ల గాలిలో, నెత్తి మీద నిలకడగా ఉన్నప్పుడు లాగుడు నాలుగైదు కిలోలు. అదే రెక్కని ఎదురుగా నడిమధ్యకి దించి, దానికి తగిలే గాలి మూడింతలయ్యేలా దూకిస్తే 40 కిలోల దగ్గరికొస్తుంది. గాలే 10 మీటర్లయితే అదే దూకుడులో 160 కిలోలు దాటుతుంది. కైట్‌ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ మారతాయి, కానీ నాలుగు నుంచి నూట అరవై దాకా ఒకే చేతికర్ర మీదికి రావచ్చన్నది మాత్రం మారదు.

నేను దీన్ని పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఆదివారం, అదే సూర్యలంకలో తెలిసింది. (ఇప్పుడది బాపట్ల జిల్లా. మాకు మాత్రం ఇంకా గుంటూరు సముద్రమే.) నా దగ్గర రెండు తాళ్ల బార్ ఉంది, నేనే చేసుకున్నది. గంటసేపు ఎగరేస్తే ముంజేతులు పట్టేస్తున్నాయని బార్ మధ్యలో తాడుతో ఒక ఉచ్చు వేశాను. ఆ ఉచ్చుని కొండలెక్కేవాళ్లు వాడే తలుపున్న ఇనుప కొక్కెం, అంటే క్యారబీనర్‌తో నడుం బెల్టుకి తగిలించాను. ఆ క్యారబీనర్ రెండు టన్నులు మోస్తుందని రాసి ఉంది. అది చూసి ధైర్యపడ్డాను. మోయడం గురించే ఆలోచించాను, విడవడం గురించి ఆలోచించలేదు.

గాలి విసురు ఒకటి వచ్చింది. బోర్లా పడ్డాను. కైట్ ఎదురుగా కిందికి దిగి, మళ్లీ పైకి లేచి, మళ్లీ దిగుతోంది. దిగిన ప్రతిసారీ నన్ను సరుగుడు చెట్ల వైపు ఈడుస్తోంది. ఒక చేత్తో బార్ వదిలి క్యారబీనర్ తలుపు నొక్కాను. కదల్లేదు. బరువు పడ్డప్పుడు దాని ఒళ్లు వెంట్రుకవాసి సాగి, తలుపు కొస ముక్కులో బిగుసుకుపోతుంది. ఒకవేళ తెరుచుకున్నా తాడు ఆ వంపులో బిర్రుగా కూర్చుని ఉంటుంది, కాస్త వదులు దొరికితే తప్ప బయటికి రాదు. ఆ వదులే నాకు లేదు. నోట్లో ఇసుక, బొటనవేలి కింద ఇనుము. ఇప్పటికీ ఆ ఇనుము తాకిడి నాకు గుర్తే.

మా బామ్మర్ది పరుగెత్తుకొచ్చి తాడు పట్టుకున్నాడు. వద్దని అరవడానికి నాకు ఊపిరి లేదు. కైట్ చెట్టుకి తగులుకుని చిరిగిపోయి ఆగింది. నాకు మోచేతులు, గడ్డం చెక్కుకుపోయాయి, అవి మానాయి. అతని అరచేతిలో తాడు దిగిన గీత ఇప్పటికీ ఉంది. పవర్ కైట్ తాడు డైనీమా అనే ప్లాస్టిక్ పోగు. సన్నగా, నున్నగా, చాలా గట్టిగా ఉంటుంది. దానికి గాజు పొడి లేదు, అయినా బిగువు మీద ఒళ్లు కోస్తుంది. మాంజా చేసే హాని చూసే 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ సింథటిక్ మాంజాని దేశమంతా నిషేధించింది. మన తాడు మాంజా కాకపోవచ్చు. బీచ్ రోడ్డు మీద బండి తోలుకుంటూ వచ్చేవాడి మెడకి ఆ తేడా తెలియదు. ఎవరు ఎంత ఆపదలో ఉన్నా బిగువు మీదున్న తాడు చేత్తో పట్టుకోవద్దు. ఈ ఒక్క మాట మీతో వచ్చే స్నేహితులకి ఎగరేయకముందే చెప్పండి. నేను చెప్పలేదు. తప్పు నాది, గాయం అతనిది.

ఆ రోజు నుంచి బార్ చేసేటప్పుడు పని వెనకనుంచి మొదలుపెడతాను. ఇది ఎలా వదులుతుంది? వదిలాక కైట్ ఏమవుతుంది? ఈ రెండిటికీ జవాబు దొరికాకే గొట్టం కోస్తాను. బార్‌ని ఎంచుకునేవాళ్లూ ఇదే వరసలో అడగాలంటాను. కానీ అందరూ రంగు, పట్టు, పొడవు చూస్తారు.

వదిలే ఏర్పాటు ఉన్నవి మూడు రకాలు. నాలుగు తాళ్ల ఫాయిల్‌కి, అంటే పైన చెప్పిన గుడ్డ రెక్కకి, రెండు చేతులకీ రెండు హ్యాండిళ్లు. ముందు తాళ్లు లాగుడు మోస్తాయి, వెనక తాళ్లు బ్రేకులు. మణికట్టుకి ఉండే పట్టీలు బ్రేకు తాళ్లకి కట్టి ఉంటాయి. హ్యాండిళ్లు వదిలేయగానే ముందు తాళ్లు వదులై, బ్రేకులు మాత్రమే లాగుతాయి, కైట్ గాలి కోల్పోయి నేలకి జారుతుంది. రెండోది మూడు తాళ్ల బార్. రెండు తాళ్లు తిప్పడానికి, మూడోది రెక్క వెనక అంచు నుంచి వచ్చి బార్ మధ్యగా మణికట్టుకి చేరుతుంది. బార్ వదిలితే అది మూడో తాడు మీదుగా జారిపోతుంది, కైట్ వెనక్కి మడతపడి కూలుతుంది. నేర్చుకునేవాళ్లకి నా ఓటు దీనికే. చేయాల్సింది ఒక్కటే కాబట్టి: వేళ్లు తెరవడం. మూడోది డీపవర్ బార్. దాన్ని నడుం పట్టీకి తగిలించుకుంటారు. దూరం నెడితే శక్తి తగ్గుతుంది, దగ్గరికి లాక్కుంటే పెరుగుతుంది. అది చాలకపోతే రిలీజ్, అదీ చాలకపోతే లీష్ (మనిషిని కైట్‌కి కట్టి ఉంచే ఆఖరి తాడు) విడిపించి కైట్‌నే వదులుకోవడం. మూడు మెట్లున్నాయి కాబట్టి ఇది భద్రమని కొందరంటారు. నేర్చుకున్నవాళ్లకి నిజమే. కొత్తవాడు భయపడితే చేసే మొదటి పని బార్‌ని గుండెలకి హత్తుకోవడం. డీపవర్ బార్‌లో అది యాక్సిలరేటర్ తొక్కడమే.

ఇక మూడో తాడు లేని ఉత్త రెండు తాళ్ల బార్. చవక. చిన్న కైట్‌కి, తేలిక గాలిలో, చేత్తో మాత్రమే ఎగరేస్తే నడుస్తుంది. కానీ వదిలేస్తే బార్ కూడా కైట్‌తో పోతుంది. అర కిలో కర్ర గాలిలో ఈడ్చుకుపోతూ ఎవరి మొహానికి తగులుతుందో, ఏ 11 కేవీ తీగల మీద పడుతుందో మన చేతిలో ఉండదు.

గొట్టం సంగతికి వద్దాం. ఇక్కడ నాకు మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. అర మీటరు బార్ మధ్యలో తగిలించి, 100 కిలోల లాగుడు రెండు చివర్లకీ సగం సగం పంచితే, నడిమధ్యన పడే వంపు బలం 125 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల గొట్టం, మందం 1 మిల్లీమీటరు అయితే ఆ వంపుకి చదరపు మిల్లీమీటరు మీద దాదాపు 287 న్యూటన్లు పడతాయి. మందం 2 అయితే 162. మందం 3 అయితే 122. కిటికీలకి వాడే అల్యూమినియం 6063 రకం, టీ5 గట్టిదనంలో, 145 దగ్గరే వంగిపోవడం మొదలుపెడుతుంది. 6061 టీ6 అయితే 275 దాకా తట్టుకుంటుంది. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. పాత ఇనుప దుకాణంలో దొరికే పరదా గొట్టం ఎందుకు వద్దంటానో, కిటికీ గొట్టం 2 మిల్లీమీటర్లదైనా ఎందుకు చాలదో మీకే తెలుస్తుంది. 6061, 3 మిల్లీమీటర్ల మందం. ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది, కాకపోతే "అల్యూమినియం" అని అడిగితే సరిపోదు, గ్రేడు చెప్పి అడగాలి. చేతులతో పట్టుకుంటే చేతులు రెండు పక్కలకి ఉంటాయి కాబట్టి ఈ వంపు బాగా తగ్గుతుంది. మధ్యలో తగిలించినప్పుడే ఇంత.

ఇప్పుడా మధ్య రంధ్రం చూడండి. మూడో తాడు పోవడానికి అది కావాలి. కానీ వంపు అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట, ఆ వంపుని మోసే రెండు ముఖాల్నే తొలుస్తున్నాం. అందుకే నేను గొట్టం లోపల పది సెంటీమీటర్ల గట్టి అల్యూమినియం ముక్కని బిగువుగా దిగ్గొట్టి, ఆ తర్వాతే రంధ్రం వేస్తాను. రంధ్రంలో నైలాన్ బుష్, రెండు నోళ్లూ గుండ్రంగా తిప్పినవి. చివర్ల రంధ్రాలకీ అంతే. డ్రిల్ వేశాక మిగిలే పదును కంటికి ఆనదు. దూది తీసుకుని అంచు చుట్టూ రాయండి. ఒక్క పోగు తగులుకున్నా తాడు అక్కడ తెగుతుందని లెక్క. పీవీసీ గొట్టం ఎండకి పెళుసుబారి ఒక్కసారిగా పగులుతుంది, దాని జోలికి పోవద్దు. పార కర్ర లాంటి నేరుగా పోగున్న కర్ర అయితే చిన్న కైట్‌కి, చేతులతో, పనికొస్తుంది.

తాళ్ల గురించి క్లుప్తంగా. ముడి వేసిన చోట డైనీమా బలం సగం దాకా పోతుంది, అందుకే కొసలకి తొడుగు ఎక్కించి కుడతారు. కొత్త తాళ్లు సమంగా సాగవు. నాలుగైదుసార్లు ఎగరేశాక అన్ని కొసల్నీ ఒకే మేకుకి తగిలించి, రెండో చివర కలిపి లాగి చూడండి. 20 మీటర్లకి రెండు సెంటీమీటర్ల తేడా ఉన్నా కైట్ ఒకవైపుకే మొగ్గుతుంది, మీరు తెలియకుండానే బార్‌ని వంకరగా పట్టుకోవడం అలవాటవుతుంది. ఎడమకి ఎరుపు, ఎప్పుడూ ఎడమకే ఎరుపు.

ఇక రిలీజ్. కుర్రాడి బొమ్మలో ఉన్నది సాదా పిన్ను. ఉచ్చులోంచి, రెండు చెవుల్లోంచి దూరిన ఉక్కు కడ్డీ. చూడ్డానికి ఇంతకంటే తేలిక పని లేదు, పావుగంటలో తిప్పేస్తాను. కానీ ఆ పిన్ను మీద 100 కిలోలు ఉన్నప్పుడు లాగి చూడాలి. ఉచ్చు దగ్గర రాపిడి, చెవుల దగ్గర రాపిడి, రెండూ ఎదురు తిరుగుతాయి. ఇసుకా ఉప్పూ పట్టిన లోహానికి ఒక్కోచోట ఆ రాపిడి బరువులో మూడో వంతు దాకా పోయినా ఆశ్చర్యం లేదు. అంటే పిన్ను ఊడాలంటే 60 కిలోల పైచిలుకు బలంతో లాగాలి, ఒక చేత్తో, బోర్లా ఈడ్చుకుపోతూ. లాగుడు ఎంత ఎక్కువైతే విడవడం అంత కష్టం. అవసరం పెరిగేకొద్దీ మొరాయించే పరికరం అది.

మంచి రిలీజ్‌లో పనితనమంతా ఈ ముడి విప్పడంలోనే ఉంది. పారాచూట్‌వాళ్లు వాడే మూడు ఉంగరాల అమరిక చూడండి. ఒక్కో ఉంగరం మీటలా పనిచేసి బలాన్ని తగ్గిస్తూ పోతే, చివరి దారపు ఉచ్చు మీద పడేది చాలా కొద్ది వంతు. ఆ ఉచ్చుని చిన్నపిల్లలు కూడా విడిపించగలరు. ఉంగరాల కొలతల్లో, కుట్టిన చోటులో కాస్త తేడా వచ్చిందా, మీట పోయి బిగింత మిగులుతుంది. కైట్‌బోర్డింగ్ రిలీజ్‌ల కోసమే విడిగా ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 21853, 2020లో వచ్చింది. అవి ఏ పరీక్షలు నెగ్గాలో అందులో రాశారు. నా దగ్గర లేత్ ఉంది, డ్రిల్ ఉంది, వెర్నియర్ ఉంది. ఆ పరీక్షలు పెట్టే ఏర్పాటు లేదు. నా పిన్ను షాపులో పదిసార్లు ఊడొచ్చు. పదకొండోసారి సూర్యలంక ఇసుకలో ఊడుతుందని నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు ఒక తల్లి కన్న బిడ్డ నడుముకి దాన్ని ఎలా కడతాను?

"తాడు కోయడానికి నడుముకి కత్తి పెట్టుకుంటా అన్నా" అన్నాడు కుర్రాడు. పెట్టుకో, కొక్కెంలా వంగి లోపలి అంచు పదునున్నది పెట్టుకో. కానీ ఈడ్చుకుపోయేటప్పుడు చెయ్యి నేలకి ఆనుకోవాలనుకుంటుంది, కత్తి కోసం వెతకదు. "తయారైన రిలీజ్ బయటినుంచి తెప్పిస్తే ఖరీదు" అన్నాడు. అది నిజం, అతని బాధ నాకు తెలుసు. విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. అందుకు నా జవాబు ఒక్కటే: ఆ డబ్బు కూడేదాకా నడుముకి కట్టుకోవద్దు. చిన్న కైట్, మూడు తాళ్ల బార్, రెండు చేతులు. ముంజేతులు పట్టేస్తే దింపేసి కూర్చో. ముంజేతులు అలసిపోవడం కూడా ఒక రక్షణే. నేను క్యారబీనర్‌తో తీసేసుకున్న రక్షణ అదే.

కృష్ణ ఇసుకలో, బ్యారేజీ దిగువన ఎగరేద్దామని మా విజయవాడ కుర్రాళ్లు అడుగుతుంటారు. వద్దంటాను. ఇంద్రకీలాద్రి, బ్యారేజీ గాలిని విరిచి సుడులు చేస్తాయి, ఒక క్షణం ఉన్న గాలి మరుక్షణం ఉండదు. ఇసుక తవ్విన గుంటల్లో నీళ్లుంటాయి. బాపట్ల దాకా వెళ్లండి, జనానికి దూరంగా నడవండి, మీకూ సరుగుడు చెట్లకీ మధ్య ఎంత చోటుందో ముందు చూసుకోండి. సముద్రపు గాలి మిమ్మల్ని తోసేది ఆ చెట్ల వైపుకే.

కుర్రాడు మళ్లీ శనివారం వచ్చాడు. మూడు తాళ్ల బార్ తయారుచేసి ఉంచాను, నడుం కొక్కెం లేకుండా. షాపులో ఇంజన్లు ఎత్తే గర్డర్‌కి మూడు తాళ్లూ కట్టి, బార్ పట్టుకుని వేలాడమన్నాను. వేలాడాడు. కళ్లు మూసుకోమన్నాను, మూసుకున్నాడు. నేను చెప్పినప్పుడు వదలమన్నాను.

"వదులు" అన్నాను. వేళ్లు తెరుచుకోలేదు. భయపడ్డట్టు మొహంలో ఏమీ లేదు, వదిలానని అతను అనుకున్నాడు కూడా. రెండోసారి కుడిచెయ్యి వదిలింది, ఎడమచెయ్యి పట్టుకునే ఉంది. ఏడోసారికి రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. పాదాలు నేలకి తగిలాయి, బార్ తాళ్లకే వేలాడుతూ పైన ఊగింది. కింద మణికట్టు పట్టీ దగ్గర తాడు మెలిపడి ఉంది. అది విప్పి, పట్టీ దగ్గర తిరిగే కడియం ఒకటి వేయాలని రాసుకున్నాను. దానికోసం మళ్లీ గురువారం రమ్మన్నాను.